నెమరు వేయని ఎద్దు

గోరువంక మాట సగంలో ఆగిపోయింది. దానితోపాటు ఊపిరీ ఆగిపోయింది.

"హేలాపురి రాకుమారుడు చావలేదు. నాలుగు కాళ్ళ మీద నడుస్తూ పాలవాగు తిరునాళ్ళలో ఉన్నాడు. రేపు పొద్దు గూకేలోగా రాజు చేతి ములుగర్ర మూడుసార్లు అతని రక్తం కళ్ళజూస్తే, ఇక ఈ జన్మకు పశువే. దానికి విరుగుడు ఒక్కటే ఉంది. అదేమిటంటే..." అంటూ ఆ పిట్ట మెడ వాల్చేసింది. మాంత్రికుడు కుంభీరుడి గుహలో ఆరు నెలలుగా ఇనుప పంజరంలో మగ్గిన ప్రాణి అది. ఇంకో నాలుగు మాటలకు సరిపడా ఊపిరి దానికి మిగల్లేదు. కేదారుడు పంజరాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపాడు, బతిమాలాడు, చివరకు కోప్పడ్డాడు కూడా. చచ్చిన పిట్ట మీద కోప్పడి ఏం లాభం?

ఈ కేదారుడు రాజుగారి కొడుకూ కాదు, మంత్రిగారి కొడుకూ కాదు. నాగలి పట్టి బతికే మామూలు రైతు. ఆరు నెలల కిందట వాగు పొంగి తనూ తన జత ఎడ్లూ కొట్టుకుపోతుంటే, దారిన పోతున్న రాకుమారుడు శరద్వర్మ గుర్రం మీంచి నీళ్ళలోకి దూకి ముగ్గుర్నీ ఒడ్డుకు చేర్చాడు. "నీ ఎడ్లు నీకంటే బాగా ఈదుతాయోయ్!" అని నవ్వి, పేరడిగి తెలుసుకుని, తడిబట్టలతోనే గుర్రమెక్కి వెళ్ళాడు. అలా వెళ్ళినవాడు మళ్ళీ కోటకు చేరలేదు. ఆ వార్త విన్న రోజే కేదారుడు నాగలి మేడి వదిలేశాడు. రాకుమారుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేదాకా పొలంలో అడుగు పెట్టనని ఒట్టు పెట్టుకుని, కొండలూ గుహలూ గాలిస్తూ ఇంతదాకా వచ్చాడు.

గుహనుంచి పాలవాగుకు నాలుగు ఆమడల దూరం. కేదారుడు ముళ్ళనీ రాళ్ళనీ చూడలేదు. ఒక ఏరు ఈదాడు, ఒక ఎలుగుబంటిని చూసి అది తనను చూసేలోపే కొండ దిగాడు. తూరుపు ఎర్రబడేసరికి తిరునాళ్ళ ఎదుట నిలబడి, రొప్పుతూ, నోరు తెరిచేశాడు.

మైదానమంతా వెదురు పందిళ్ళు, మామిడాకుల తోరణాలు, పసుపు పూసిన గుంజలు. ఏడు వీధులుగా తీర్చిన ఆ తిరునాళ్ళలో ఒక వీధి నిండా విత్తనాల రాసులు: ఎర్ర జొన్నలు, పచ్చ జొన్నలు, నల్ల నువ్వులు, తెల్ల నువ్వులు, కొర్రలు, అరికెలు, ఊదలు, పేరు తెలియని నూటపదహారు రకాల వడ్లు. ఇంకో వీధిలో ఇద్దరు మనుషులు చేతులు చాచి కావలించుకున్నా అందని గుమ్మడికాయ, పద్నాలుగు మూరల చెరుకుగడ, చంటిపిల్లంత కంద. ఒకచోట ఆడవాళ్ళు చేటలు పట్టుకుని ఎవరు ముందు రాళ్ళు ఏరతారా అని పందెం వేసి చెరుగుతున్నారు. ఒకచోట ముసలివాళ్ళు తొడ మీద జనుము పేని తాళ్ళు పోటీగా అల్లుతున్నారు. బండలాగుడు గిత్తలు రంకెలు వేస్తుంటే చూడవచ్చినవాళ్ళు వాటికంటే గట్టిగా కేకలు వేస్తున్నారు. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో గవ్వల పట్టెడలు, వీపున అద్దాల బొంతలు కట్టించుకుని ఎడ్లు పెళ్ళికొడుకుల్లా బెట్టుచేస్తూ నడుస్తున్నాయి. వీటికి తోడు ఆవులు, గేదెలు, గుర్రాలు, గాడిదలు, గొర్రెలు, మేకలు. లెక్కకు పదివేల పశువులకు పైమాటే.

"నాలుగు కాళ్ళ మీద నడుస్తున్నాడని చెప్పింది గానీ, ఏ నాలుగు కాళ్ళో చెప్పి చావకూడదూ!" అని కేదారుడు పళ్ళు నూరాడు.

రాజుగారి దగ్గరికి నేరుగా పోదామంటే, ఇదిగో ఈ పశువే మీ కుమారుడని చూపించకుండా నోరు విప్పితే పిచ్చివాడని గెంటేస్తారు. రాకుమారుణ్ణి పశువుగా మార్చిన కుంభీరుడి కళ్ళబడినా ప్రమాదమే. అందుకని ముఖానికి మసి పూసుకుని నెత్తికి గడ్డిమోపు ఎత్తుకున్నాడు. తిరునాళ్ళలో గడ్డి మోసేవాణ్ణి ఏ కొట్టంలోనూ ఎవరూ ఆపరు.

ముందు గుర్రాల దగ్గరికి పోయాడు. రాకుమారుడు కదా, మాయలో కూడా గుర్రమే అయి ఉంటాడని ఊహ. ఒక్కొక్కదాని చెవిలో "శరద్వర్మా, నువ్వేనా?" అని గుసగుసలాడాడు. పదకొండో గుర్రం జవాబుగా వెనక కాలితో తన్నింది. ఆ తన్నుకు పక్కనున్న పొట్టేళ్ళ దడిలో పడ్డాడు. సరే ఎలాగూ పడ్డాం కదా అని పొట్టేళ్ళనూ అడిగాడు. అవి కుమ్మాయి. మేకల దగ్గర ఒకామె "ఏమయ్యోయ్, నా మేకతో నీకేం రహస్యాలు?" అని చీపురు తీసింది. పొద్దు బారెడెక్కింది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఇన్ని వేల కళ్ళలో ఏ రెండు కళ్ళు మనిషివో తెలియక కేదారుడికి ఏడుపొచ్చినంత పనైంది.

విత్తనాల వీధి దాటుతుంటే వెనకనుంచి ఎవరో ఉత్తరీయం పట్టుకుని లాగారు. చూస్తే పండుముసలి. పేరు మానికమ్మ. చేతిలో వెదురు సోల, ఎదుట ఎర్ర జొన్నల రాసి.

"ఏంది నాయనా ఆ పరుగు? మొదటి కొట్టు కాడ తిరునాళ్ళ కత యినకుండా పోగూడదు. ఇది ఆచారం. కూకో."

"అవ్వా, నీకు పుణ్యముంటుంది, వదులు! నాకు తొందర పని ఉంది."

"తొందరోళ్ళకే చెప్పాల కత. తీరికున్నోళ్ళకి చెప్పేదేముంది?" అని ఆమె అతని ఉత్తరీయం చెంగు తన మోకాలి కింద పెట్టుకుని మరీ కూర్చుంది. కేదారుడు గొంతుకూర్చున్నాడు. చూపులు మాత్రం దారిన పోయే ప్రతి పశువు వెంటా పరుగెడుతూనే ఉన్నాయి.

"మా ముత్తవ్వ కాలంలో ఏడేళ్ళు చుక్క వాన లేదు. జనం విత్తనాలు గూడా ఉడకేసుకు తిన్నారు. మా ముత్తవ్వ ఒక్కతే దోసెడు జొన్నలు కొంగున ముడేసుకుని, కళ్ళు తిరిగి పడిపోయినా ముడి ఇప్పలేదు. ఎనిమిదో ఏడు వాన పడింది. విత్తనముంది సరే, దున్నేదానికి ఎద్దేదీ? రాజ్జెం మొత్తం మీద రెండే మిగిలినయి. అందులో కుడిపక్క కట్టే వలపటెద్దు నెమరు తప్పి కూలబడింది. అప్పుడేం జరిగిందో చెప్పు?"

"ఏం జరిగింది?" అన్నాడు కేదారుడు, ఒక తెల్ల గేదెను అనుమానంగా చూస్తూ.

"రాజుగారు, ఇప్పుడున్నాయన ముత్తాత, రాజదండం తీసి మా ముత్తవ్వ చేతికిచ్చి, ఎద్దుకి బదులు తన మెడ కాడికిచ్చినాడు! ఒక పక్క ఎద్దు, ఒక పక్క రాజు. మేడి పట్టింది మా ముత్తవ్వ. నాగలి గీసిన ఆ ఒక్క చాలులో పడ్డ జొన్నలే ఇయ్యాల రాజ్జెమంతా తినే తిండి. అందుకే ఈ తిరునాళ్ళ. ఏటేటా దున్నుడు పోటీలో గెలిచిన రైతు చేతికి రాజు దండమిచ్చి, ఆ రైతు ఎడ్లతో ఒక చాలు దున్నుతాడు. చాలు ముగిసేదాకా ఆ రైతు మాటే శాసనం. ఒకాయన ఊరందరికీ బెల్లం పంచమన్నాడు. ఇంకొకాయన వాళ్ళత్తను పుట్టింటికి పంపమన్నాడు. అంతకుమించి ఎవురూ ఆశపడలేదులే."

"మరి ములుగర్ర సంగతేమిటి అవ్వా?" కేదారుడు ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాడు.

"చాలు మొదట్లో ఒకసారి, నడిమిన ఒకసారి, చివర ఒకసారి రాజు వలపటెద్దుకి ములుగర్ర ముట్టిస్తాడు. ముట్టించడమే, పొడవగూడదు. ఇంకోటి యిను. నెమరు తప్పిన పశువుని కాడికి కడితే, ఎవురైనా సరే అడ్డమొచ్చి తన మెడ ఇయ్యొచ్చు. రాజు గూడా కాదనేదానికి లేదు. అట్టా ఇచ్చినోడు చాలు పూర్తి చెయ్యాల. చాలు అయిందాకా ఆడు మనిషి కాడు, ఆ ఎద్దుకింద లెక్క. మా ముత్తవ్వ పెట్టిన కట్టుబాటు. నూరేళ్ళయింది, ఇంతవరకూ ఒక్కడు గూడా పెట్టలా మెడ."

కేదారుడికి కావలసింది దొరికింది. గుర్రాలు, పొట్టేళ్ళు, మేకలు కావు. రాజు ములుగర్ర తగిలేది గెలిచిన జతలో వలపటెద్దుకే. అవ్వ మోకాలి కింద చెంగు చినిగినా లెక్కచేయక దున్నుడు పోటీల వైపు పరుగెత్తాడు.

ఎడ్ల వీధిలోనే నాలుగువందల జతలు. పోటీలకు ఇంకా వ్యవధి ఉంది. అప్పుడే ఘణఘణమని కంచుగంట మోగింది. అది మధ్యాహ్నపు విడిది గంట. ఆ గంట మోగితే తిరునాళ్ళలో కాడి మీద ఒక్క పశువు ఉండకూడదు. కేకలు ఆగిపోయాయి, డప్పులు ఆగిపోయాయి. మేత మేసిన పశువులన్నీ నీడలో పడుకున్నాయి. కాసేపటికి ఆ మైదానమంతా ఒకే చప్పుడు నిండింది. పదివేల దవడలు నెమ్మదిగా నెమరు వేస్తున్న చప్పుడు. రైతులు దాన్ని సంగీతం విన్నట్టు కళ్ళు మూసుకుని వింటారు. పశువు నెమరు వేస్తోందంటే ఒంట్లో బాగుందని అర్థం. ఒక్కపూట నెమరు తప్పిందంటే ఇంటిల్లిపాదికీ ముద్ద దిగదు.

కేదారుడు ఉన్నచోటనే ఆగిపోయాడు. ఆరు నెలల్లో ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. తన ఎడ్లు గుర్తొచ్చాయి. ఆ వెంటనే బుర్రలో మెరుపు మెరిసింది. 'మాంత్రికుడు మనిషికి కొమ్ములు పెట్టగలడు, తోక పెట్టగలడు. మింగిన మేతను మళ్ళీ నోట్లోకి తెచ్చుకోవడం ఏ మనిషికి వస్తుంది?'

ఇంక చెవుల్లో గుసగుసలు లేవు. దవడలు చూసుకుంటూ నడిచాడు. కదులుతున్నాయి. కదులుతున్నాయి. అన్నీ కదులుతున్నాయి. వరస చివర పట్టుబట్ట పరిచిన పందిట్లో ఒక జత కట్టేసి ఉంది. ఎడమ పక్క దాపటెద్దు కళ్ళు అరమోడ్చి హాయిగా నెమరు వేస్తోంది. కుడి పక్కన పాలనురుగు రంగు కోడె, మేత ముట్టకుండా, దవడ కదపకుండా, రెప్ప వేయకుండా కోట వైపు చూస్తోంది. దాని కంటి కింద తడి.

"మీ ఎద్దు నెమరు వేయడం లేదండీ," అన్నాడు కేదారుడు, గడ్డిమోపు దించుతూ.

తలపాగా, మెలితిప్పిన మీసం, వేళ్ళకు నాలుగు ఉంగరాలు ఉన్న ఆసామి తల తిప్పాడు. ఏడునాగళ్ళ ఎర్రప్పనని తిరునాళ్ళలో పేరు రాయించుకున్నవాడు అతనే. "వేయకపోతే ఏం? ఆకలి లేదేమోలే. నీ గడ్డి అక్కడ పడేసి ఫో," అన్నాడు.

అంతే. అసలు రైతెవడైనా ఆ మాట వింటే తలపాగా ఊడిపోయేలా ఎద్దు దగ్గరికి పరుగెత్తేవాడు. వీడు అరికాలు కూడా కదపలేదు. నాగలి పట్టినవాడు కాడు వీడు!

"కుంభీరా!" అన్నాడు కేదారుడు అనకుండా ఉండలేక. తప్పు చేశాడు. ఆ పేరు వినగానే మాంత్రికుడి కళ్ళు నిప్పులయ్యాయి. పిడికెడు భస్మం గాలిలోకి ఊదాడు. కేదారుడి నాలుక చెక్కముక్కయింది. అరుద్దామంటే గాలి తప్ప మాట రాలేదు. మోపు కట్టిన గడ్డితాడు పామై లేచి అతని చేతుల్నీ నడుమునీ చుట్టేసింది. కుంభీరుడు అతన్ని గోనెమూటలా ఎత్తి, పందిరి వెనక పోటీకి నిలబెట్టిన ఇరవై అడుగుల గాదెలోకి పైనుంచి విసిరాడు. అప్పుడే విడిది ముగిసిన గంట మోగింది. కూలీలు వచ్చి పాట పాడుకుంటూ గాదెలోకి ధాన్యం పోయసాగారు.

మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. ఛాతీ మునిగింది. పైన పాట జోరందుకుంది. కేదారుడు అరవలేడు, చేతులు కదపలేడు. కానీ పుట్టినప్పటి నుంచీ గాదెల మధ్య పెరిగినవాడు. ప్రతి గాదెకీ అడుగున గింజ తీసుకునే కంత ఒకటి ఉంటుందనీ, దాని చుట్టూ అల్లిక పలచనగా ఉంటుందనీ తెలుసు. కాళ్ళతో తడిమి వెతికాడు. దొరికింది. ఒక తన్ను. గొంతు దాకా ధాన్యం. రెండో తన్ను. ముక్కులో దుమ్ము. మూడో తన్నుకు కంత పక్కన మట్టిపూత పగిలి, అల్లిక విడిపోయి, ఇరవై పుట్ల ధాన్యం ఒక్క ఊపున వీధిలోకి దుమికింది. ధాన్యంతోపాటు కేదారుడూ దొర్లుకుంటూ బయటపడ్డాడు. పక్క వీధిలో అందాల పోటీకి తెచ్చిన మూడువందల కోళ్ళు ఈ విందు చూసి బుట్టలు పడదోసుకుని వచ్చాయి. వాటికి ధాన్యం ఒకటీ సరిపోలేదు. గడ్డిపామును కూడా పురుగనుకుని పొడిచి పొడిచి పీచుపీచు చేసేశాయి.

చేతులు విడిపడ్డాయి. నాలుక మాత్రం రాలేదు. దూరంగా పెద్దపొలంలో దున్నుడు పోటీలు ముగిసి కొమ్ముబూరలు ఊదుతున్నారు. రాజుగారి చాలు మొదలయ్యే వేళైపోయింది!

పెద్దపొలం నాలుగు గట్ల మీదా జనం ఇసుక వేస్తే రాలనంతగా నిలబడ్డారు. ఎర్రప్ప జత దున్నిన చాలు దారం పట్టి గీసినట్టు ఉందనీ, అలాంటిది ఈ నూరేళ్ళలో లేదనీ పెద్దలు తీర్పు చెప్పేశారు. మహారాజు వసుధాపాలుడు కిరీటం తీసి, పంచె ఎగగట్టి, రాజదండం ఎర్రప్ప చేతికిచ్చాడు. కొడుకు పోయిన దిగులుతో ఆరు నెలల్లో ఆయన జుట్టు నెరిసిపోయింది. ఆచారం కోసం వచ్చాడే తప్ప ముఖంలో పండుగ కళ లేదు. ఎర్రప్ప వంగి దండం పెట్టి, వెండిపొన్ను వేసిన కొత్త ములుగర్ర అందించాడు.

మొదటి అడుగులో రాజు ములుగర్ర ముట్టించాడు. ముట్టించాడంతే. మంత్రించిన ముల్లు తనంతట తానే చర్మంలోకి దిగింది. ఒక రక్తపు బొట్టు చాలులో పడింది. కోడె మెడ తిప్పి రాజు ముఖం చూసింది. చాలు నడుమ రెండోసారి ముట్టించాడు. రెండో బొట్టు పడింది. కోడె కంటినీరు ధారగా కారింది. వెనకనున్న తండ్రికి అది కనబడలేదు.

చివరి హద్దురాయి ఇక నలభై అడుగుల్లో ఉంది. అప్పుడు గట్టు మీది జనాన్ని చీల్చుకుంటూ, ఒంటినిండా ధాన్యపు పొట్టుతో, జుట్టులో రెండు కోడి ఈకలతో ఒక మనిషి పొలంలోకి దూకాడు. భటులు "ఆగు, ఆగు!" అన్నారు గానీ, రాజచాలులో ఆయుధం పట్టినవాడు అడుగు పెట్టకూడదు. కేదారుడు పరుగున వచ్చి నోరు తెరిచాడు. మాట రాలేదు. కోడెను చూపించి, తన దవడ పట్టుకుని కదిపి, అడ్డంగా తల ఊపాడు. రాజుకు అర్థం కాలేదు. "ఎవడితను? పక్కకు తీయండి!" అన్నాడు.

కేదారుడు ఇక సైగలు చేయలేదు. కోడె మెడనుంచి పలుపు విప్పి, కాడి కిందనుంచి దాన్ని తప్పించి, ఖాళీ అయిన ఆ చోట తన మెడ పెట్టి నిలబడ్డాడు.

గట్టు మీద ఒక్క అరుపు వినబడింది. మానికమ్మ సోల ఎత్తి ఊపుతోంది. "మెడ ఇచ్చినాడు! నెమరు తప్పిన ఎద్దుకి మెడ ఇచ్చినాడు! కట్టుబాటు తప్పుతావా రాజా? ఆ కోడె దవడ చూడండ్రా, పొద్దుట్నుంచీ కదిల్తే ఒట్టు!"

జనమంతా కోడె వైపు చూశారు. రైతులు కదా, చూడగానే తెలిసిపోయింది. "నిజమే, నెమరు లేదు!" అని నాలుగు గట్లూ గోలెత్తాయి. వసుధాపాలుడు తల వంచాడు. "ఆచారం మా వంశం కంటే పెద్దది. లాగవయ్యా," అన్నాడు.

కుంభీరుడికి ఒళ్ళు మండిపోయింది. మూడో బొట్టు చేతిదాకా వచ్చి జారిపోయింది. కోపంలో వాడు ఆలోచన మరిచాడు. "దండం నా చేతిలో ఉంది! నా మాట శాసనం! రాజా, ఆ మెడ పెట్టినవాణ్ణి పొడువు! ములుగర్రతో పొడువు!" అని రంకె వేశాడు.

శాసనం శాసనమే. రాజు పళ్ళు బిగించి, కళ్ళు పక్కకు తిప్పుకుని, కేదారుడి భుజానికి ములుగర్ర ముట్టించాడు. ముల్లు దిగింది. రక్తపు బొట్టు చాలులో పడింది.

పొలమంతా ఒక్కసారి అదిరింది. కోడె వీపు మీది చర్మం పొగలా లేచిపోయింది. కొమ్ములు మాసిపోయాయి. దుమ్ములో మోకాళ్ళ మీద, భుజాన రెండు ములుగర్ర గాయాలతో, మెడ మీద కాడి కాయతో, శరద్వర్మ కూర్చుని ఉన్నాడు!

"తండ్రీ!" అన్నాడు. ఆరు నెలల తర్వాత పలికిన మొదటి మాట.

రాజు చేతిలో ములుగర్ర జారిపోయింది. పొడిచింది ఎవరినో తెలిసి ఆ పెద్దాయన చిన్నపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. జనం ఏడ్చారు. ఆ ఏడుపులో, ఆ సంబరంలో కాడి కింద ఉన్నవాణ్ణి ఎవరూ చూడలేదు.

కేదారుడి కాళ్ళ కింద నేల దూరమైనట్టు, మళ్ళీ దగ్గరైనట్టు అనిపించింది. వేళ్ళు దగ్గరకు ముడుచుకుని గట్టిపడ్డాయి. చెవులు పక్కకు సాగాయి. మెడ ఇచ్చినవాడు ఆ ఎద్దుకింద లెక్క అని పొద్దున అవ్వ చెప్పిన మాట అప్పుడు తలకెక్కింది. కుంభీరుడి మంత్రానికి కూడా ఆ లెక్కే! కాడి కింద మెడ మారితే మంత్రం మెడ మారింది. ఇప్పుడు ఆ చోట మనిషి లేడు. మట్టిరంగు కోడె ఒకటి, జుట్టు ఉండవలసిన చోట రెండు కోడి ఈకలతో నిలబడి ఉంది.

"చాలు ఇంకా ముగియలేదు!" కుంభీరుడు దండం ఎత్తి వికటంగా నవ్వాడు. "నేనే శాసనం! తండ్రినీ కొడుకునీ పట్టి బంధించండి!" భటులు ఆయుధాలు దించి, వణుకుతూనే కదిలారు. మట్టిరంగు కోడెకు ఆ మాట అర్థమైంది. ఎద్దయినా దున్నడం మరిచిపోలేదు మరి. తల వంచి, దాపటెద్దును తన ఊపుతో లాక్కుంటూ ఒక్క పెట్టున కదిలింది. పట్టేవాడు లేని మేడి ఎగిరెగిరి పడుతుంటే మానికమ్మ గట్టు దిగి పరుగున వచ్చి పట్టుకుంది. ముప్పై అడుగులు, ఇరవై, పది. నాగలి కర్రు హద్దురాయికి ఠంగుమని తగిలింది. చాలు ముగిసింది. దండం పట్టినవాడి మాట ఆ క్షణం నుంచి గాలిమాట.

"వాణ్ణి పట్టుకోండి!" అన్నాడు వసుధాపాలుడు. భటులు ఎగబడేలోపు కుంభీరుడు గద్దగా మారి, రాజదండం గోళ్ళలో ఇరికించుకుని, ఉత్తరాన నల్లగా కనిపించే ఉప్పుకొండల వైపు ఎగిరిపోయాడు.

శరద్వర్మ వచ్చి కోడె మెడ కావలించుకున్నాడు. "వాగులో నిన్ను ఒడ్డుకు చేర్చినందుకు ఇంత బదులిస్తావా కేదారా? నీకేం చెప్పను!" అన్నాడు. కోడె అతని చెవి నాకింది.

"అందరూ గమ్మునుండండి!" అంది మానికమ్మ. జొన్నచొప్ప తెచ్చి కోడె నోటికి అందించింది. ఆకలిమీదున్న కోడె ఆబగా నమిలి మింగింది. ముసలామె దాని దవడ మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. నాలుగు గట్ల మీదా జనం ఊపిరి బిగపట్టి చూశారు. ఎంతో సేపు గడిచింది. దవడ కదల్లేదు.

"నెమరు లేదు!" అని కేక పెట్టింది మానికమ్మ. "ఒక్క పోటే పడింది గదా, లోపల ఇంకా మనిషే ఉన్నాడు!" నూరేళ్ళ తిరునాళ్ళలో, ఎద్దు నెమరు వేయలేదని జనం సంతోషంతో తలపాగాలు ఎగరేయడం అదే మొదటిసారి.

శరద్వర్మ మాత్రం నవ్వలేదు. "విరుగుడు నాకు తెలుసు. కొట్టంలో కట్టేసి నా ఎదుటే వాడు వాగేవాడు. ఉప్పుకొండ నెత్తిన మొలిచే నల్లగరిక తింటే మంత్రం విడుస్తుంది. కానీ ములుగర్ర పోటు ఒక్కటి తగిలినా పక్షం రోజులే గడువు. ఆ తర్వాత మూడు పోట్లూ పడ్డట్టే. దవడ దానంతటదే కదలడం మొదలుపెడుతుంది," అన్నాడు. తండ్రి పాదాలకు మొక్కి, కట్టబోయిన పలుపును అవతల పారేశాడు. "ఇతని మెడకు తాడు వేయకండి. నా పక్కన నడుస్తాడు."

పక్కన నడవడం కోడెకు నచ్చలేదు. రాకుమారుడు కత్తి నడుముకు బిగించుకునేలోపే అది పది బారలు ముందుకు పోయి, వెనక్కి తిరిగి, గిట్టతో నేల గీరుతూ నిలబడింది. ఇద్దరూ మైదానం దాటి, వాగు దాటి, ఉత్తరపు బాట పట్టారు.

వాళ్ళ వెనక తిరునాళ్ళలో సాయంకాలపు విడిది గంట మోగింది. మేత మేసిన పశువులు పడుకున్నాయి. పదివేల దవడల చప్పుడు వాగు మీదుగా తేలివచ్చింది.

కోడె నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. చెవులు రెండూ ఆ చప్పుడు వైపు తిరిగాయి.

"కేదారా!" అన్నాడు శరద్వర్మ. "కేదారా, ఇటు చూడు!"

కోడె చూసింది. కళ్ళు మనిషివే. కానీ దాని నోట్లో నీరూరుతోంది.